మా తాత పాషాణమన్న తెల్లపొడి

దేవుడు లోకంలోని వస్తువులన్నీ చేశాడు గానీ వాటికి పేర్లు పెట్టడం ఆయనకి చేతకాలేదు. అందుకని చోడవరం వచ్చి, మా తాత అరుగు మీద కూర్చుని, ఒక్కొక్కటే సంచిలోంచి తీసి చూపించి, ఇదేమిటి, ఇదేమిటి అని అడిగి రాసుకుని వెళ్ళాడు. ఉప్పుని ఉప్పంటారనీ పటికని పటికంటారనీ దేవుడికి మా తాత చెబితేనే తెలిసింది. వెళ్ళేటప్పుడు దారిలో తినమని మా తాత ఆయన చేతిలో ఒక బెల్లం ముక్క పెట్టి, అది ఎవరి పొయ్యి మీద వండిందో కూడా చెప్పి పంపాడు.

నమ్మకపోతే మా తాతనే అడగండి. ఇంతకి ఎక్కువ చెబుతాడు గానీ తక్కువ మాత్రం చెప్పడు.

ఆయన పేరు పైల పరదేశి నాయుడు. పని బెల్లం చూడడం. చోడవరం చుట్టుపక్కల పాకల్లో వండిన బెల్లం దిమ్మలు బండ్లెక్కి అనకాపల్లి పోయే ముందు ఎవరో ఒకరు వాటిని చూసి ఇది మొదటి రకం, ఇది రెండో రకం, ఇది పశువులకి అని చెప్పాలి. మిగతా ఊళ్ళలో ఈ పని చేసేవాళ్ళు రంగు చూసి, గోరుతో గీకి, నాలిక మీద వేసుకుని ఊరుకుంటారు. మా తాతకి అది చాలదు. దిమ్మ అంచున పిడికెడు పెళ్ళ ఊడదీసి మోకాలెత్తు నుంచి రాతి మీద పడేస్తాడు. పగిలిన ముక్కల్ని గోనెపట్టా మీద పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరసగా పేరుస్తాడు. ఒక్కొక్కదాన్ని అరచేతిలో ఎగరేసి బరువు చూస్తాడు. పెద్ద ముక్కలెన్ని, చిన్నవెన్ని, పొడి ఎంత రాలింది, ఆ వరసని బట్టి ఇది ఫలానావాడి చెరకు, ఇది చవిటి నేల, ఇందులో సున్నం ఎక్కువ పడింది, పాకం దించేవాడు ఆ పూట పెళ్ళాంతో తగువుపడి వచ్చాడు అని చెబుతాడు. పెళ్ళాం సంగతి కూడా ముక్కల్లోనే కనబడుతుందట.

"దిమ్మ అబద్ధమాడతాది. ముక్కలాడవు," అనేది ఆయన వేదం. రోజుకి నాలుగుసార్లు వింటే మీకూ విసుగొస్తుంది.

ఆ వేదం ఎంత గొప్పదో చెప్పడానికి రెండు సంగతులు చాలు. ఒకసారి మా మామ్మ సన్యాసమ్మ తన పుట్టింటి చెరకుతో ముచ్చటపడి ఒక పెనం బెల్లం వండించింది. తాతకి చెప్పకుండా ఆ దిమ్మని మిగతావాటితో కలిపి పెట్టారు. తాత దాన్ని పగలగొట్టి, ముక్కలు పేర్చి, ఇది వండినవాళ్ళని తీసుకెళ్ళి గానుగకి కట్టండి, ఎద్దులకి కాస్త విశ్రాంతి దొరుకుతుంది అన్నాడు. పది రోజులు మా ఇంట్లో కూరలో ఉప్పు పడలేదు. రెండోది, రెండు సీజన్లుగా బెల్లం ఎప్పుడూ లేనంత పచ్చగా, బంగారంలా దిగుతుంటే, అది ఎర్రనేల మహిమ అని, ఆ సంగతి తను ముందే కనిపెట్టానని ఊరంతా చెప్పుకుని తిరిగాడు. ఆ ఎర్రనేల నిజానికి ఏమిటో ఈ కథ చివరికి మీకే తెలుస్తుంది.

ఇంకో సంగతి. "తెలీదు" అన్న మాట మా తాత నోటి వెంట ఎవరూ వినలేదు. నశ్యం పీల్చి పీల్చి ముక్కు మూసుకుపోయిన మనిషికి ఆ మాట పైకి రావడానికి దారి లేదు కాబోలు.

ఇక అచ్చియ్యమ్మ సంగతి. ఆమె మొగుడు కొబ్బరిచెట్టు మీంచి పడి నడుం విరిగి మంచం పట్టి నాలుగేళ్ళయింది. అప్పటి నుంచి రెండెకరాల చెరకూ ఆమే వేయించి, ఆమే నరికించి, సొంత పాకలో సొంత పొయ్యి మీద బెల్లం వండిస్తోంది. పాకం చూడడానికి మొగవాణ్ణి పెట్టుకోదు. గరిటె తనే పడుతుంది. మా ఊరి మొగవాళ్ళకి ఈ ఒక్క సంగతే గొంతులో ముల్లులా ఉండేది. ఆమె బెల్లం మొదటి రకం అని మా తాతే ఏటా చెప్పేవాడు. అది రెండో ముల్లు.

యాభై ఎనిమిది మాఘమాసంలో ఒక పెళ్ళి జరిగింది. పెళ్ళివారికి పరమాన్నం అచ్చియ్యమ్మ బెల్లంతో వండారు. పులిహోర ముందురాత్రే కలిపి పెద్ద ఇత్తడి గుండిగలో ఉంచారు. ఆ గుండిగ బెల్లం వర్తకుడు సత్యారావుది. ఊళ్ళో ఏ పెళ్ళికైనా గిన్నెలు ఆయన ఇంటి నుంచే వెళతాయి. తిన్నవాళ్ళలో పదకొండు మంది మధ్యాహ్నానికల్లా వాంతులు చేసుకున్నారు. ఆ గుండిగకి కళాయి పోయి రెండేళ్ళయిందనీ, చింతపండు పులుసు రాత్రంతా అందులో ఉంటే చిలుం పట్టి విషమవుతుందనీ వంటచేసే ఆడవాళ్ళందరికీ తెలుసు. కానీ సత్యారావు గుండిగకి తప్పు ఎలా ఉంటుంది. తప్పుండడానికి అచ్చియ్యమ్మ బెల్లం ఉంది కదా.

వెళ్ళి ఆమె పాక వెతికారు. పెనం వెనక రేకు డబ్బాలో తెల్లపొడి దొరికింది. ఇదేమిటని అడిగితే, పాకంలో చెంచాడు వేస్తే బెల్లం పచ్చగా వస్తుందని సత్యారావుగారి గుమాస్తాయే ఇచ్చాడని ఆమె చెప్పింది. సత్యారావు అక్కడే ఉన్నాడు. నేనిచ్చింది సున్నం, ఇదేమిటో నాకు తెలీదు, అన్నాడు. పక్కనున్న పాకలవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏమిటో తేల్చడానికి మా తాతని పిలిచారు.

ఊరంతా చుట్టూ నిలబడితే మా తాతకి ఒళ్ళు పొంగుతుంది. ఆ పొడిని రాతి మీద పడేశాడు. పొడి ఏం పగులుతుంది, మరింత పొడి అయింది. అరచేతిలో వేసి ఎగరేశాడు, సగం గాల్లో పోయింది. నీళ్ళ చుక్క వేసి రుద్ది వాసన చూశాడు. ఆ ముక్కుకి నశ్యం వాసన తప్ప ఇంకేమీ తెలియదు. మిగిలిన పొడిని తువ్వాలు కొసన మూట కట్టుకున్నాడు. అందరూ ఆయన నోరు చూస్తున్నారు. అక్కడ ఒక్క మాట అనాల్సింది. ఆ మాట ఏమిటో మీకు తెలుసు, నాకు తెలుసు, అక్కడున్న ఎద్దులకి కూడా తెలుసు. మా తాత మాత్రం గొంతు సవరించుకున్నాడు.

"పాషాణం," అన్నాడు. అంటే ఎలుకల్ని చంపే తెల్లటి విషం.

తరవాత ఆమె దిమ్మ నుంచి చిన్న ముక్క తీసి నోట్లో వేసుకుని, ఎడమ పక్కకి ఉమ్మేశాడు. మా దగ్గర బెల్లం చూసేవాడు ఎడమకి ఉమ్మేస్తే ఆ పాక బెల్లం బండెక్కదు. అంతే. దానికి మళ్ళీ కాగితాలు, సంతకాలు ఉండవు. పెద్దమనుషులు అక్కడికక్కడే తీర్మానం చేశారు. ఆ పొడి ఫలానా అని వేరే తేలేదాకా అచ్చియ్యమ్మ పొయ్యి వెలిగించకూడదు, ఆమె గానుగకి ఎవరూ ఎద్దులు ఇవ్వకూడదు. తేలకపోతే పోలీసులకి అప్పగించాలి.

ఆమె ఏడవలేదు. పొలం వైపు చూసి, చెరకు ఈనుతోందని మాత్రం అంది. కోయకుండా నిలబెడితే పైన వెన్ను వస్తుంది, లోపల బెండు పడుతుంది. ఉగాది దాటితే ఆ చెరకు వంటచెరకు. సంవత్సరానికి అదొక్కటే ఆధారం, మంచం మీది మనిషికి మందు కూడా అందులోంచే.

ఆ సాయంత్రం మా మామ్మ తాత తువ్వాలు ఉతకబోయి, కొసన ఉన్న మూట విప్పకుండానే నీళ్ళలో వేసింది. దగ్గొచ్చింది. ఆమె బయటికొచ్చి చెప్పిన మాట ఇది.

"ఇది పాషాణమేటయ్యా, అగ్గిపుల్ల గీసినట్టు గుప్పుమంటంది. తువ్వాలు అంచు సూడు, ఎర్రరంగంతా ఎల్లిపోనాది."

"నీకేటి తెలుస్తాది. పొయ్యి దగ్గర కూకుని అగ్గిపుల్లలు గీసేదానికి అన్నీ అగ్గిపుల్లల్లాగే ఉంటాయి," అన్నాడు తాత.

మామ్మ మాట గుర్తుపెట్టుకోండి. నలభై రోజుల తరవాత బొంబాయిలో ఉన్న యంత్రం చెప్పిన మాటా ఇదే.

ఆ యంత్రం కథలోకి ఎలా వచ్చిందంటే, మా వీధి చివర కమలాంబగారి అబ్బాయి వేంకటరమణమూర్తి వల్ల వచ్చింది. విశాఖపట్నంలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ పిల్లలకి ప్రయోగాలు చేసి చూపించే ఉద్యోగం. ఆదివారం బస్సెక్కి వచ్చి తల్లి చేతి వంట తిని పోతుంటాడు. పాషాణం అన్న మాట విని ఆయన మా అరుగు మీదికి వచ్చి, ఊరికే చూసి పాషాణమని ఎలా చెప్పారు పరదేశి నాయుడుగారూ అని మర్యాదగానే అడిగాడు. తాత ముక్కల గురించి, దిమ్మ గురించి వేదం మొదలుపెట్టాడు. మూర్తి అది పూర్తిగా వినకుండా, అచ్చియ్యమ్మ పాకలో ఉన్న డబ్బాలోంచి చిటికెడు పొడి పొట్లం కట్టుకుని పోయాడు.

చదువుకున్నవాడు కదా, ఇట్టే తేల్చేస్తాడనుకున్నాం. ఆయన కాలేజీలో దాని మీద ఆమ్లం పోశాడట, ఏదో వాయువు పంపాడట. పచ్చగా మడ్డి తేలింది. పాషాణానికీ పచ్చగానే తేలుతుందట. వేరేవాటికీ తేలుతుందట. వాసన చూడలేదా అని మామ్మ అడిగింది. ఆ వాయువు కుళ్ళిన కోడిగుడ్ల కంపు కొడుతుందనీ, ఆ గదిలో ఇంకే వాసనా తెలియదనీ చెప్పాడు. ఒక ముక్కులో నశ్యం, ఇంకో ముక్కులో కోడిగుడ్లు. మధ్యలో అచ్చియ్యమ్మ.

మూర్తిలో మంచి గుణం ఒకటుంది. తెలియనిది తెలియదంటాడు. బొంబాయిలో పెద్ద ప్రయోగశాలలో తనతో చదువుకున్న స్నేహితుడున్నాడనీ, అక్కడ దేన్నయినా పగలగొట్టి ముక్కలు తూచే యంత్రం ఒకటి ఉందనీ, దానికి పంపుతాననీ అన్నాడు.

పగలగొట్టి ముక్కలు తూచడం అనగానే మా తాత నశ్యం పట్టిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆ యంత్రం ఎవరు చేశారు, తనని చూసే చేశారా అని అడిగాడు. మూర్తి నవ్వకుండా చెప్పాడు. పదార్థాన్ని ఆవిరి చేస్తారు. ఆవిరిలో ఒక్కొక్క అణువు కంటికి కనబడనంత చిన్నది. దాన్ని కరెంటు దెబ్బ కొడితే కొన్ని చెక్కుచెదరకుండా మిగులుతాయి, కొన్ని ముక్కలవుతాయి. వాటన్నిటినీ ఒక పెద్ద అయస్కాంతం పక్క నుంచి విసురుతారు. తేలికవి ఎక్కువ వంగుతాయి, బరువైనవి తక్కువ వంగుతాయి. ఏ ముక్క ఎంత వంగిందో చూస్తే దాని తూకం తెలుస్తుంది.

తాతకి ఇది మూర్తి కంటే ముందే అర్థమైపోయింది. గోవాడ మలుపు దగ్గర ఖాళీ బండి చటుక్కున తిరుగుతుంది, చెరకు నిండిన బండి తిన్నగా పోయి కాలవలో దిగుతుంది, ఆ సంగతికి బొంబాయి ఎందుకు అన్నాడు. ఆ తరవాత వారం రోజులు, బొంబాయివాళ్ళు తన పద్ధతి దొంగిలించారని ఊళ్ళో చెప్పాడు.

ఆ వారం, ఆ పై వారం, ఆ పై వారం కూడా అచ్చియ్యమ్మ పొయ్యి వెలగలేదు.

ఉగాది ఇంకో ఆరు రోజులుందనగా మూర్తి ఆదివారం బస్సు దిగి తిన్నగా మా అరుగు మీదికే వచ్చాడు. చేతిలో పొడుగాటి కాగితం చుట్ట. దాంతో పాటు రెండు వాక్యాల ఉత్తరం. పొడిని వేడి చేస్తే వచ్చిన ఆవిరిని యంత్రంలో పెట్టాం, కాగితం పంపుతున్నాం, చదువుకోగలరు. పేరు చెప్పలేదు. బొంబాయివాడికి మనం అన్నీ చదువుకోగలిగినవాళ్ళలాగే కనబడతాం మరి.

కాగితం అరుగు మీద పరిచి నాలుగు మూలలా నాలుగు బెల్లం ముక్కలు పెట్టారు. అడుగున గీత, దాని మీద నిలువుగా లేచిన గీతలు. కొన్ని పొడుగు, కొన్ని పొట్టి. కింద ఎర్ర సిరాతో మూర్తి అంకెలు వేసుకున్నాడు. అన్నిటికంటే పొడుగు గీత అరవై నాలుగు దగ్గరుంది. బస్సులో వస్తూ పుస్తకమంతా తిరగేశాననీ, అరవై నాలుగు, అరవై అయిదు తూకమున్నది తుత్తునాగమనీ, కాబట్టి ఇది తుత్తునాగమే కావాలనీ మూర్తి చెప్పాడు. చెబుతున్నప్పుడు ఆయన మొహంలో పెద్ద నమ్మకం లేదు.

మా తాతకి అక్షరాలు రావు, అంకెలు వస్తాయి. కాగితం మీదికి వంగి చాలాసేపు చూశాడు.

"పెద్దదాన్నొక్కదాన్నే సూసి పేరెట్టీసేవేటి బాబూ? పక్కనున్నవి ఎవులు సూస్తారు?"

"అవి చిన్నవండి."

"సిన్నవే సెప్తాయి. ఈ పద్దెనిమిదేటి, ఇరవై ఎనిమిదేటి?"

"అవి నీళ్ళూ గాలీనండి. యంత్రంలో ఎప్పుడూ కొంత మిగిలిపోతాయి. ఏది పెట్టినా కనబడతాయి."

"గోనె దుమ్మన్నమాట. దులిపీ."

మూర్తి వాటి మీద వేలు పెట్టి మూశాడు. అరవై నాలుగు మిగిలింది, దానికి సగం పొడుగున నలభై ఎనిమిది, పొట్టిగా ముప్ఫై రెండు, ఇంకా పొట్టిగా పదహారు. తాత ముక్కలు పేర్చేటప్పుడు కూర్చున్నట్టే గొంతుకూర్చున్నాడు.

"అరవై నాలుగులోంచి నలభై ఎనిమిది తీస్తే ఎంత?"

"పదహారు."

"నలభై ఎనిమిదిలోంచి ముప్ఫై రెండు తీస్తే?"

"పదహారే."

"ఈ కొసన ఒంటిగా పడున్నోడు?"

"పదహారేనండి," అన్నాడు మూర్తి. ఈసారి గొంతు చిన్నదయింది.

"మరింకేటి. ముప్ఫై రెండు తూకం మొద్దొకటి. దానికి పదహారేసి తూకం కొమ్మలు రెండు. ఒక దెబ్బకి ఒక కొమ్మ రాలింది. గట్టి దెబ్బకి రెండూ రాలేయి. రాలిన కొమ్మ కొసన పడుంది. పదహారు ఎవులు బాబూ మీవోళ్ళలో?"

"ప్రాణవాయువు."

"ముప్ఫై రెండో?"

మూర్తి కాగితం మీంచి తల ఎత్తాడు. తొమ్మిదేళ్ళు చదివి, నాలుగేళ్ళు చెప్పి, అరుగు మీద గొంతుకూర్చున్న మా తాత ముందు దొరికిపోయిన మొహం అది.

"గంధకం," అన్నాడు. "గంధకం కాలితే వచ్చే ఆవిరి ఇది. పంచదార మిల్లుల్లో రసం తెల్లబడడానికి పట్టిస్తారే, అదే. ఈ పొడి వేడెక్కితే అది వదులుతోంది."

తాత వెంటనే గర్వపడతాడనుకున్నాను. కానీ వేలు కాగితం మీద ముందుకి జరుపుకుంటూ వెళ్ళాడు.

"పాషాణం తూకమెంత?"

"డెబ్బై అయిదు."

"అక్కడేటుంది?"

"ఏమీ లేదండి."

"పాషాణాన్ని కాలిస్తే పొగై లెగదా?"

"లేస్తుంది. అందులో ఉంటే ఇక్కడ కనబడి తీరాలి."

లోపల్నుంచి మామ్మ మాట వినబడింది.

"గంధకమంటే అగ్గిపుల్ల మందేనా మూర్తి బాబూ?"

"అగ్గిపెట్టెలో అదీ ఉంటుందమ్మా. పుల్ల గీస్తే ముక్కుకి తగిలే ఘాటు దీనిదే."

మామ్మ దండెం మీంచి ఆ తువ్వాలు తెచ్చి కాగితం మీద పడేసింది. ఎర్ర అంచు మధ్యలో జానెడు మేర తెల్లగా పాలిపోయి ఉంది. మూర్తి దాన్ని చూసి నెత్తి కొట్టుకున్నాడు. అద్దకంవాళ్ళు పాత రంగు దించడానికి వాడే ఉప్పు ఇది, నీళ్ళు తగిలితే గంధకం వాసన వస్తుంది, బట్టకైనా పాకానికైనా రంగు లాగేస్తుంది అన్నాడు. ఇది ముందే చూపించి ఉంటే బొంబాయి అవసరమే లేకపోయిందన్నాడు. నలభై రోజులు మా దండెం మీదే ఆరింది ఆ తువ్వాలు. తాత రోజూ దాంతోనే మూతి తుడుచుకున్నాడు.

మీరనుకోవచ్చు, ముసలాయన వెంటనే పరిగెత్తాడని. లేదు. మధ్యాహ్నం అన్నం తినలేదు. నశ్యం పొడుంకాయ తీసి, మూత పెట్టి, మళ్ళీ తీసి, చివరికి దూలం మీద పెట్టాడు. ఆయన్ని పట్టుకున్నది భయం. ఎడమకి ఉమ్మేసిన బెల్లాన్ని మళ్ళీ ఒప్పుకోవాలంటే మా దగ్గర ఒకటే పద్ధతి. అదే జనం ముందు, అదే పాకలో, వండినవాళ్ళ చేతి మీంచి ఆ బెల్లం తీసుకుని తిని మింగాలి. అలా మింగినవాణ్ణి మా ఊళ్ళో ఎవరూ చూడలేదు. మింగాక వాడి మాటకి విలువుండదని అందరూ అనుకుంటారు. ముప్ఫై ఏళ్ళ వేదం ఒక ముద్దతో పోతుంది. పైగా అది పాషాణం కాదని చెప్పింది ఒక కాగితం, ఒక పాత తువ్వాలు, వంటింట్లో ఉన్న ఆడమనిషి. ఈ మూడింట్లో దేన్నీ ఆయన అంతకు ముందు లెక్కపెట్టలేదు.

"ఎల్తావా, నన్నెల్లమంటావా?" అంది మామ్మ.

వెళ్ళాడు. ఆదివారం కాబట్టి పాకలవాళ్ళంతా సత్యారావు కళ్ళం దగ్గరే ఉన్నారు, సోమవారం పొద్దున్న పోవాల్సిన బండ్లకి దిమ్మలెత్తుతూ. తాత అందరినీ అచ్చియ్యమ్మ పాకకి రమ్మన్నాడు. పొయ్యిలో బూడిద మీద పిల్లి పడుకుని ఉంది. అచ్చియ్యమ్మ దాన్ని లేపలేదు. తను ఎందుకొచ్చాడో తాత చెప్పాడు. ఆమె మూల నుంచి ఒక దిమ్మ దొర్లించి, అంచు పగలగొట్టి, ముక్క అరచేతిలో పెట్టి చాపింది.

"తిను నాయుడు మావా. పాషాణం గదా, మెల్లగా తిను."

తిన్నాడు. అంత నెమ్మదిగా బెల్లం తిన్న మనిషిని నేను చూడలేదు. మింగాక నోరు తెరిచి, చిన్నపిల్లాడు మందు మింగానని చూపించినట్టు, అందరికీ చూపించాడు. తప్పు నాదే, తెలీక పేరు పెట్టేను, అన్నాడు. "తెలీక" అన్న మాట ఆయన నోటి నుంచి రావడం అదే మొదలు. చోడవరంలో ఆ రోజు వాన పడనందుకు నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అంతటితో అయిపోయేది. కానీ సత్యారావు ఊరుకోలేదు. పాషాణం కాకపోతే పోనీ, ఏదో మందు కలిపింది నిజమే కదా, అలాంటి బెల్లం తన బండెక్కదన్నాడు. పాకలవాళ్ళు నిజమే నిజమే అన్నారు.

తాత గోనెపట్టా అడిగి పరిచాడు. అచ్చియ్యమ్మ దిమ్మ నుంచి పిడికెడు పెళ్ళ తీసి రాతి మీద పడేసి, ముక్కలు వరసగా పేర్చాడు. రెండు పెద్దవి, ఐదు నడిపివి, మిగతాదంతా ఇసక రాలినట్టు సన్నపొడి. తరవాత కళ్ళం దగ్గరికి నడిచి, సత్యారావు బండి మీంచి నాలుగు పాకల దిమ్మలు దింపించి, అక్కడికే మోయించుకొచ్చి, ఒక్కొక్కదాన్నీ పగలగొట్టి, ఆమె ముక్కల కిందే వరసలు పేర్చాడు. అయిదు వరసలు. ఒకే పొయ్యి మీద వండినట్టు, అన్నిట్లో రెండు పెద్దవి, ఐదో ఆరో నడిపివి, అదే ఇసక.

"బెల్లం ఇలా ఇసకలా రాలడం రెండేళ్ళబట్టి సూస్తన్నాను. ఎర్రనేలనుకున్నాను ఎర్రిముండాకొడుకుని. గడ్డికుప్పల్లో డబ్బాలు మీరే తీస్తారా, నేను తియ్యనా?"

ఒకడి కళ్ళు తన గడ్డికుప్ప వైపు వెళ్ళాయి, ఇంకొకడివి తన పాక చూరు వైపు. పన్నెండు పాకల్లో పన్నెండు డబ్బాలు. ఊరందరికీ తెలిసిన వస్తువుని తెలియని వస్తువుగా మా తాత చేతిలో పెట్టారన్నమాట. అది పాషాణమేమోనన్న భయం అందరికీ ఉంది. అందుకే ఒక్క ఆడదాని మీద తోసేస్తే మిగతావాళ్ళ డబ్బాలు గడ్డిలో హాయిగా ఉంటాయనుకున్నారు. మా తాత ఒక్కడికే తెలియదు. ఆయనకే అన్నీ తెలుసు కాబట్టి ఎవరూ చెప్పలేదు.

ఆ సాయంత్రమే అచ్చియ్యమ్మకి నాలుగు జతల ఎద్దులు వచ్చాయి. అడగకుండానే వచ్చాయి, ఒక్కొక్క జత ఒక్కొక్క గడ్డికుప్ప దగ్గర నుంచి. మర్నాడు కళాయివాడు సత్యారావు పెరట్లో గుండిగ బోర్లించుకుని కూర్చున్నాడు. గుండిగ గురించి మాత్రం ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. డబ్బాలు మానేశారనుకుంటున్నారేమో, ఏం మానలేదు. అనకాపల్లిలో కొనేవాడికి బంగారం రంగు కావాలి. మానేసింది అచ్చియ్యమ్మ ఒక్కతే. ఆమె బెల్లం ఇప్పుడు నల్లగా ఉంటుంది. తాత దాన్ని పగలగొట్టి మొదటి రకం అంటే సత్యారావు మొహం చూడాలి.

తాత మాటకి విలువ పోయిందా అంటే, పోలేదు, పెరిగింది. దాంతో ఆయన్ని భరించడం ఇంకా కష్టమయింది. బొంబాయి యంత్రం తన దగ్గర పనికి చేరిందన్నట్టు మాట్లాడతాడు. పొడుంకాయ దూలం మీద మూడు రోజులుంది. నాలుగో రోజు ఆ దూలం కింద తాత తుమ్ముతూ దొరికాడు. ఇప్పుడు వాసన చూడాల్సిన వస్తువేదైనా వస్తే మామ్మ ముక్కు దగ్గర పెడతాడు, తను మాత్రం ముక్కలు పేరుస్తాడు. అన్నీ తేలాక పేరు తనే చెబుతాడు.

ఇదంతా రాసి, నిన్న సాయంత్రం అరుగు మీద కూర్చుని తాతకి చదివి వినిపించాను. దేవుడు వచ్చిన దగ్గర తల ఊపాడు, అది ఉన్నమాటే అన్నట్టు. ముక్కు గురించి చదువుతుంటే మొహం తిప్పుకున్నాడు. చివరిదాకా విని, కాగితాలు నా చేతిలోంచి తీసుకుని, అరచేతిలో వేసి ఎగరేసి బరువు చూశాడు. ఎలా ఉంది తాతా, మొదటి రకమా రెండో రకమా అని అడిగాను.

"రెండెకరాల్లో ఎకరన్నర ఎండిపోనాది అచ్చియ్యమ్మకి. నేనొక్క మాటంటే ఎండిపోనాది. అది ఎక్కడా రాయలేదు నువ్వు. నా ముక్కు గురించి మాత్రం మూడు పేజీలు రాసేవు. పెద్ద ముక్కేదో తెలీనిదానికి నీకెందుకే గుంటా ఈ పని. ఇది పశువులకి."

కాగితాలు నా ఒళ్ళో పడేసి లేచి వెళ్ళిపోయాడు.